పిన్‌కోడ్ లేని చోట పడినందుకు

హైదరాబాద్,
ఫిబ్రవరి 20, 2026

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి (అలాంటివారు నిజంగా ఉంటే),

విషయం: మీ సైక్లింగ్ కవర్ బీమా పాలసీ, మీ 24 గంటల ఎమర్జెన్సీ హెల్ప్‌లైన్, నా దగ్గర పోగుపడిన ఏడు టికెట్ నంబర్లు.

అయ్యా,

మీకు నేను రాస్తున్న తొమ్మిదో ఉత్తరం ఇది. మొదటి ఎనిమిదీ ఈమెయిళ్లు. అన్నిటికీ ఒకే జవాబు వచ్చింది. "ప్రియమైన కస్టమర్" అని మొదలై "దయచేసి ఈ మెయిల్‌కు జవాబు ఇవ్వకండి" అని ముగిసింది. మధ్యలో సరుకేమీ లేదు. అందుకే ఈసారి కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. పోస్ట్‌మన్ మీ దగ్గర సంతకం పెట్టించుకుంటాడు కదా, కనీసం ఒక మనిషి చేయి తగిలిందని నాకు తృప్తి.

ముందే చెప్పేస్తున్నాను, కాలర్ బోన్ విరిగినందుకు మీ మీద కోపం లేదు. అది నా స్వయంకృతం. డిసెంబరు 14 ఆదివారం పొద్దున అనంతగిరి కొండల్లో దిగుడు ట్రైల్ (అడవి బాట) మీద సైకిల్ తొక్కుతూ వస్తూ, వానలకు మట్టి కొట్టుకుపోయి పైకి తేలిన వేరును చూడలేదు. చూసేసరికి ముందు బ్రేకు గట్టిగా పట్టాను. సైకిల్ ఆగింది, నేను ఆగలేదు. హ్యాండిల్ మీదుగా ఎగిరి కుడి భుజం మీద పడ్డాను. ట్రైల్స్ తొక్కేవాళ్లలో ఎవరినడిగినా చెబుతారు, ఇలా పడితే ముందు పోయేది కాలర్ బోన్, చెయ్యి ఆనిస్తే మణికట్టు. హెల్మెట్ పక్కన చీలింది, తల చీలలేదు. అంతవరకు అదృష్టమే.

నాతో వచ్చిన కుర్రాడు తెలివైనవాడు. మెడ దగ్గర నొప్పి ఉందేమో అడిగి, లేదని తేలేదాకా హెల్మెట్ తీయనివ్వలేదు. బ్యాగులోంచి స్పేర్ ట్యూబు తీసి మెడకు వేసి, చేతిని అందులో ఆనించి కట్టాడు. రబ్బరు వాసన, ఎర్రమట్టి వాసన, నోట్లో రక్తం రుచి. చర్మం కింద ఎముక కొస గుడారం కర్రలా లేచి కనిపిస్తోంది. ఫోన్‌లో సిగ్నల్ ఒక గీత. ఆ ఒక్క గీతతో నేను చేసిన తెలివితక్కువ పని, మీకు ఫోన్ చేయడం.

మీ పాలసీ కాగితం మీద ఎర్రటి అక్షరాల్లో ఉంది కదా, "ప్రమాదం జరిగితే ముందు మాకు కాల్ చేయండి" అని. నేను కాగితాలు చదివే రకం. చేశాను. తెలుగు కోసం రెండు నొక్కాను. ఆరోగ్యానికి ఒకటి, ప్రయాణానికి మూడు, ప్రమాదానికి నాలుగు. ఎడమచేత్తో, పడుకుని. "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అంటూ వీణ మొదలైంది. స్పీకర్‌లో పెట్టి గుండెల మీద పెట్టుకున్నాను. ఆ చప్పుడుకు మేకలు కాసుకునే పిల్లాడొకడు పొదల్లోంచి వచ్చి కాసేపు విని, "అన్నా, గామె ఎవరే? ఊకె నొక్కు నొక్కు అంటది" అని అడిగాడు. నేనేం చెప్పాలి? నా ప్రాణరక్షకురాలని చెప్పాను. నవ్వితే పక్కటెముకలు కూడా పట్టేశాయని అప్పుడు తెలిసింది.

పదకొండు నిమిషాల తర్వాత మీ మొదటి ఉద్యోగిని దొరికింది. తప్పు అమ్మాయిది కాదు, ముందున్న కంప్యూటర్ స్క్రీన్‌ది. ఆ స్క్రీన్‌కు పిన్‌కోడ్ కావాలి.

"సార్, మీరున్న లొకేషన్ పిన్‌కోడ్ చెప్పండి."

"అమ్మా, అడవిలో ఉన్నాను. అనంతగిరి. వికారాబాద్ దగ్గర. ఫోన్‌లో లాటిట్యూడ్ లాంగిట్యూడ్ ఉన్నాయి, రాసుకోండి."

"అది ఎంటర్ చేసే ఆప్షన్ లేదు సార్. దగ్గర్లో ల్యాండ్‌మార్క్?"

"చెట్టు."

"ఏ చెట్టు సార్?"

ఒట్టు, ఈ మాట కల్పించలేదు. మీ కాల్స్ అన్నీ రికార్డవుతాయని మీరే చెబుతారు కదా, తీసి వినండి. చివరికి వికారాబాద్ పిన్‌కోడ్ ఏదో వేసుకుంది. ఆ తర్వాత పాలసీ నంబరు అడిగింది. అది నా వీపు కింద ఉన్న బ్యాగులో ఉంది. "హోల్డ్‌లో ఉంటాను సార్, తీసుకోండి" అంది. సిగ్నల్ పోయింది. మళ్లీ మీరు నాకు ఫోన్ చేయలేదు. ఆ రోజు కాదు, ఆ వారం కాదు.

ఈలోగా కుర్రాడు గట్టు మీదకి పరిగెత్తి 108కి కొట్టాడు. 2005లో మన హైదరాబాద్‌లోనే మొదలైన సర్వీసు, ఫోనెత్తితే ఉచితం. ఎత్తినాయన పిన్‌కోడ్ అడగలేదు. "అనంత పద్మనాభస్వామి గుడి నుంచి ఎటువైపు? కిందికా, చెరువు వైపా? మోసుకొచ్చేవాళ్లున్నారా?" అని అడిగాడు. చూశారా, ప్రశ్న అంటే అదీ. అంబులెన్స్ ఘాట్ రోడ్డు దాకా వస్తుంది, అక్కడిదాకా మనమే తేవాలి. మేకల పిల్లాడు ఊళ్లోంచి నలుగురిని పిలుచుకొచ్చాడు. రెండు కర్రలు, ఒక దుప్పటి. ముందు పట్టుకున్న పెద్దాయన ప్రతి రాయి దగ్గరా "బిడ్డా, కుదుపొస్తది, ఓర్చుకో" అని ముందే చెబుతూ వచ్చాడు. గంట పైనే మోశారు. డబ్బులిస్తే తీసుకోలేదు. 108 పైలట్ (డ్రైవరే) రెండుసార్లు ఫోన్ చేసి ఎక్కడిదాకా వచ్చారని అడిగాడు. రెండుసార్లు! ప్రీమియం ఒక్క రూపాయి కట్టని చోట.

ఆపరేషన్ అయింది, ప్లేటు వేశారు, అది వేరే కథ. మీ కథ క్లెయిమ్‌తో మొదలైంది.

క్లెయిమ్ ఫారంలో "వాహనం రిజిస్ట్రేషన్ నంబరు" అని ఒక గడి ఉంది. ఖాళీ వదిలితే ముందుకు కదలదు. సైకిల్ అని రాస్తే ఎర్రగా మారుతుంది. ఫోన్ చేశాను. రెండో ఏజెంటు, గొంతు చూస్తే ఇరవై రెండేళ్లుంటాయేమో, "ఏదో ఒక నంబర్ వేసేయండి సార్, సిస్టమ్ తీసుకోవాలి అంతే" అన్నాడు. నా స్కూటర్ నంబరు వేశాను. మూడు వారాల తర్వాత మీ నుంచి వచ్చిన ఏకైక నిర్దిష్టమైన సమాధానం: "స్కూటర్ ప్రమాదాలు సైక్లింగ్ కవర్ పరిధిలోకి రావు. క్లెయిమ్ తిరస్కరించబడింది."

మూడో ఏజెంటు "మీ బాధ నాకు అర్థమవుతోంది సార్" అని ఆరుసార్లు అన్నాడు, లెక్కపెట్టాను. అర్థమైంది ఏమిటో చెప్పమంటే ట్రావెల్ విభాగానికి ట్రాన్స్‌ఫర్ చేశాడు. అక్కడివారు నేను ఏ ఫ్లైట్ మిస్సయ్యానని అడిగారు. నాలుగో ఆయన, నేను రెండు నొక్కినా, హిందీలో మాట్లాడి ఎఫ్ఐఆర్ కాపీ తెమ్మన్నాడు. ఎవరి మీద ఎఫ్ఐఆర్ పెట్టాలండీ? వేరు మీదా? మీ యాప్‌లోని చాట్‌బాట్ అయితే నేను "ఎముక విరిగింది" అని టైప్ చేయగానే "గొప్ప విషయం! ఇంకేమైనా సహాయం కావాలా?" అంది. దానికి అయిదు చుక్కలకు ఎన్ని ఇస్తారని కూడా అడిగింది. జనవరి 30న ఎస్ఎంఎస్: "మీ ఫిర్యాదు విజయవంతంగా పరిష్కరించబడింది." ఎవరు పరిష్కరించారో, ఏం పరిష్కరించారో మీకు తెలిస్తే నాకూ చెప్పండి, ఇంట్లో సంతోషిస్తారు.

ఎనిమిదేళ్లుగా మీ కస్టమర్‌ని. ఒక్క ఏడాది ప్రీమియం ఆలస్యం కాలేదు. మా ఆదివారం గ్రూపులో పదకొండు మంది చేత మీ పాలసీ కట్టించాను, కమీషన్ లేదు, ఏమీ లేదు, కంపెనీ మంచిదని నమ్మి. మా బాబాయ్ ముప్పై ఏళ్లు ఇన్సూరెన్స్ ఏజెంటుగా చేశాడు. "ఒరేయ్, వీళ్లు నువ్వు కట్టేటప్పుడు ఎత్తే ఫోన్, నువ్వు అడిగేటప్పుడు ఎత్తరు" అన్నాడు. ఆయన్ను పాతకాలం మనిషని వెక్కిరించాను. మొన్న ఆసుపత్రికి వచ్చినప్పుడు ఆయన ఆ మాట ఎత్తలేదు. ఎత్తకపోవడమే ఎక్కువ బాధేసింది.

ఏం కావాలని అడుగుతారేమో. ఆపరేషన్ డబ్బు ఎలాగూ ఇవ్వాల్సిందే, దాని గురించి బతిమాలను. అంతకన్నా ముందు, డిసెంబరు 14 ఉదయం కాల్ రికార్డింగు నాకు కావాలి. మీ సంస్థలో పేరున్న మనిషి ఎవరైనా, టికెట్ నంబరు కాదు, పేరు, దాన్ని పూర్తిగా విని, నాకు ఫోన్ చేసి, విన్నానని చెప్పాలి. క్షమాపణ మీ ఇష్టం. ఆ అమ్మాయిని ఉద్యోగంలోంచి తీయకండి, ఆ స్క్రీన్‌ను తీసేయండి.

ఫిర్యాదుకు గడువులోగా జవాబివ్వాలన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన మీకు నాకన్నా బాగా తెలుసు. ఈసారి అది దాటితే వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో పెడతాను, వాళ్ల హెల్ప్‌లైన్ 155255కి కూడా చెబుతాను. అక్కడా తేలకపోతే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. ఆఫీసు ఊళ్లోనే ఉంది, ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయమూ ఊళ్లోనే ఉంది. చేతికి కట్టుతో సిటీ బస్సులో తిరగడం నాకు ఇప్పుడు బాగా అలవాటైంది. వినియోగదారుల కమిషన్ కూడా మిగిలే ఉంది. ఇవేవీ కాకపోతే, ప్రతి ఆదివారం పొద్దున్నే సైకిళ్లు దించే చోట నిలబడి "ఏ చెట్టు సార్?" కథ చెబుతాను. దానికి పిన్‌కోడ్ అక్కర్లేదు.

ఇట్లు,
మీ ఎనిమిదేళ్ల కస్టమర్

తా.క.: ఈ ఉత్తరం కవర్లో పెడుతుండగా మీ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. రెండు నెలల్లో మొదటిసారి. గబగబా ఎత్తాను. పాలసీ రెన్యువల్ గడువు దగ్గర పడిందట. ఆ కుర్రాడు నా పూర్తి పేరు, ఇంటి నంబరు, వీధి, ఆఖరికి పిన్‌కోడ్ కూడా తడుముకోకుండా చదివాడు.