లేహ్ నుంచి సూరికి: చలి అనే కరువు

లేహ్,
ఆగస్టు

ఒరేయ్ సూరీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన బ్రహ్మకమలం ఫొటో చూశాను. చెల్లెమ్మ కుండీ పక్కన నిలబడి దిగిన ఫొటో భలే ఉంది. "మీ హిమాలయాల పువ్వు మా కళ్యాణదుర్గంలో పూసింది చూడరా" అని రాశావు. ఆమె సంబరం పాడుచేయడం నాకిష్టం లేదు, ఈ ముక్క ఆమెకు చదివి వినిపించకు. అది హిమాలయాల మొక్క కాదురా. మెక్సికో, మధ్య అమెరికా అడవుల్లో చెట్ల కొమ్మల మీద పెరిగే ఒక రకం జెముడు. మన ఊళ్లలో అందరూ దాన్నే బ్రహ్మకమలం అంటారు, పూసిన రాత్రి వీధంతా వచ్చి దండం పెట్టుకుంటారు. పెట్టుకోనీ, నష్టమేముంది.

కేదార్‌నాథ్, బద్రీనాథ్‌లలో దేవుడికి పెట్టేది వేరే. అది చామంతి కుటుంబంలోని సాసూరియా. ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం కూడా అదే. దాదాపు 3,700 మీటర్లు దాటితే గానీ కనబడదు. పాలిపోయిన పసుపు రంగులో పెద్ద రేకులుగా కనబడేవి నిజానికి రేకులు కావు. పువ్వుల గుత్తిని చుట్టుకున్న పల్చటి ఆకులు. బ్రాక్ట్స్ అని చదివాం, గుర్తుందా? వెలుగును లోపలికి రానిస్తాయి, గాలిని మాత్రం ఆపుతాయి. లోపల పువ్వులు వెచ్చగా ఉంటాయి. సిక్కిం, నేపాల్ వైపు ఇదే పని చేసే ఇంకో మొక్క ఉంది, రేవల్చిన్ని జాతిది. రాళ్ల మధ్య ఒంటరిగా మనిషెత్తు లేచి, పైనుంచి కిందిదాకా లేత పసుపు బ్రాక్ట్స్ కప్పుకుని నిలబడుతుంది. దాన్ని నేనింకా చూడలేదు, సిక్కిం వెళ్లాలి.

"ఆ అసలుది ఒకటి తెచ్చివ్వు, ఎండకి నీడలో పెడతా" అన్నావు కదా. బతకదురా. ఎందుకో చెప్పాలంటే ఇక్కడి మొక్కల సంగతి మొత్తం చెప్పాలి. ఎలాగూ ఆదివారం, కరెంటు లేదు, తీరిగ్గా రాస్తాను.

కరువు గురించి అనంతపురం వాడికి ఎవడూ పాఠం చెప్పక్కర్లేదు, తెలుసు. కానీ మన జిల్లాకి ఏడాదికి అయిదు వందల యాభై మిల్లీమీటర్లు అటూ ఇటూగా వాన పడుతుంది. లేహ్‌లో మొత్తం ఏడాదికి, మంచు కూడా కలిపి, వంద మిల్లీమీటర్లు. అంతే. 3,500 మీటర్ల ఎత్తు, మబ్బు లేని ఆకాశం, చలికాలం రాత్రుళ్లు మైనస్ 15, మైనస్ 20. జనవరిలో వచ్చిన కొత్తలో నాకు చలి ఒక్కటే కనబడింది. మొక్కలకి మాత్రం చలి, కరువు రెండు వేరు వేరు కష్టాలు కావు. వాటికి చలే కరువు. నీకు చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఇదే.

ఎలాగంటే, ముందు నేల సంగతి చూడు. అడుగున తడి ఉన్నా గడ్డకట్టి ఉంటుంది, వేరు దాన్ని తాగలేదు. పైన చూస్తే ఎండ కాస్తూనే ఉంటుంది, పొడిగాలి వీస్తూనే ఉంటుంది. ఆకులున్న మొక్కలోంచి నీరు పోతూనే ఉంటుంది, వచ్చే దారి మాత్రం లేదు. ఆల్ప్స్‌లాంటి చోట్ల మంచు మందంగా పడి మొక్కల్ని కప్పేస్తుంది. ఆ మంచు కింద గాలి తగలదు, బయట మైనస్ ఇరవై ఉన్నా కింద సున్నాకి దగ్గరగా ఉంటుంది. ఇక్కడ మంచు పడేదే తక్కువ, పడినది కూడా గాలి ఊడ్చేస్తుంది. కాబట్టి ఇక్కడి మొక్కలకి ఆ దుప్పటి భాగ్యం కూడా లేదు.

ఇక లోపలి సంగతి ఇంకా బాగుంటుంది. చలికి మొక్క గడ్డకడితే కణాలు పగిలి చచ్చిపోతుందని మనం అనుకుంటాం. చలికి అలవాటుపడిన మొక్కల్లో మంచు ముందుగా కణాల మధ్య ఉండే ఖాళీల్లో కడుతుంది, కణం లోపల కాదు. ఆ మంచు పక్కనున్న కణాల్లోంచి నీటిని లాగేస్తుంది. ఆవకాయకి ఉప్పు పట్టించిన మామిడి ముక్క నీరంతా వదిలేసి ముడుచుకుంటుంది కదా, ఆ తంతే. కణం ముడుచుకుపోతుంది, లోపలి రసం చిక్కబడుతుంది. చిక్కబడ్డ రసం అంత తేలిగ్గా గడ్డకట్టదు, అందుకని కణం లోపల మంచు కట్టదు. ప్రాణం నిలుస్తుంది. కానీ దానికి బదులుగా కణం ఎండిపోవాలి. అంటే మైనస్ ఇరవైలో ఉన్న మొక్క ఎదుర్కొనేది పచ్చి దాహమే.

ఆ ఎండడాన్ని తట్టుకోడానికి మొక్క శరత్కాలం నుంచే తయారవుతుంది. చక్కెరలు పోగేస్తుంది, కణాల పొరల్లోని కొవ్వులను మార్చుకుంటుంది, కొన్ని ప్రోటీన్లు తయారుచేస్తుంది. ఆ ప్రోటీన్లలో డీహైడ్రిన్లని కొన్ని ఉన్నాయి. అవి ఎల్‌ఈఏ ప్రోటీన్లనే పెద్ద కుటుంబంలోవి. ఆ కుటుంబాన్ని మొట్టమొదట కనిపెట్టింది ఏ మంచుకొండ మీది మొక్కలోనో అనుకుంటున్నావా? పత్తి గింజల్లో! గింజ పక్వానికి వచ్చి ఎండిపోతూ కూడా ప్రాణం నిలుపుకోవాలి కదా, అప్పుడు ఇవి పుడతాయి. కరువులో ఆకుల్లోనూ పుడతాయి. అంటే మన ఆదోని వైపు పత్తి గింజా, ఇక్కడి చాంగ్‌లా కనుమ మీది పూమొక్కా ఒకే ఉపాయంతో బతుకుతున్నాయన్న మాట. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదంటే నువ్వు నవ్వుతావు.

మరి నీళ్లు దాచుకునే జెముళ్లు ఇక్కడ లేవా అని అడుగుతావు. కరువంటే మనకి ముందు గుర్తొచ్చేవి అవే. ఇక్కడ ఆ పద్ధతి కష్టం. నిండా నీళ్లున్న దళసరి కాండం గడ్డకడితే ఏమవుతుందో నీకే తెలుసు. 'షోలో' అనే మొక్క ఒక్కటి మాత్రం కొంచెం ఆ దారిలోదే. శాస్త్రంలో రోడియోలా అంటారు దాన్ని. ఆకులు దళసరిగా ఉంటాయి, కానీ చలికాలం రాగానే పై భాగమంతా వదిలేసి మట్టిలోని లావుపాటి దుంపవేరుతో బతుకుతుంది. వసంతంలో లేత చిగుళ్లు కోసి, ఉడికించి, పెరుగులో కలిపి ఇక్కడివాళ్లు తింటారు. తంగ్‌తుర్ అంటారు. మన గోంగూర ముందు దిగదుడుపే అనుకో, అయినా బాగుంటుంది. 2019 ఆగస్టులో ప్రధాని మోదీ జాతిని ఉద్దేశించి మాట్లాడుతూ దీన్ని సంజీవనితో పోల్చారు. అంతే, పేరు మోగిపోయింది. ఇంత నెమ్మదిగా పెరిగే మొక్క వేరుకి అంత పేరు రావడం నాకు కొంచెం భయమే.

ఇప్పుడు అసలు హీరోల దగ్గరికి వద్దాం. ఎత్తుకి వెళ్లేకొద్దీ చెట్లు ఆగిపోతాయి, తర్వాత పొదలు, ఆ తర్వాత నేలకి అతుక్కున్నవే మిగులుతాయి. వాటిలో కుషన్ మొక్కలని ఒక రకం. థైలాకోస్పెర్మమ్ అనే ఒకటి ఇక్కడ బాగా ఎత్తులో కనబడుతుంది. గుండ్రంగా, ఆకుపచ్చగా, రాయేమో అనుకునేంత గట్టిగా ఉంటుంది. మీద నిలబడ్డా నొక్కుకుపోదు (నిలబడకు, పాపం). దగ్గరగా చూస్తే వేలకొద్దీ చిన్న చిన్న కొమ్మల కొసలు సందు లేకుండా ఒరుసుకుని ఉంటాయి. రాలాల్సిన పాత ఆకులు రాలవు. లోపలే కుళ్లి మట్టి అవుతాయి, ఆ మట్టి తడిని పట్టి ఉంచుతుంది. అడుగున లోతుగా దిగిన తల్లివేరు ఉంటుంది. అంటే తన పొలాన్ని తన కడుపులోనే పెట్టుకుని కూర్చుంటుంది. గాలి పైనుంచి జారిపోతుంది, ఎండ వేడి లోపల నిలుస్తుంది. ఎండ కాసే పూట ఇలాంటి మొక్కల ఒళ్లు చుట్టూ ఉన్న గాలి కంటే ఇరవై డిగ్రీలు పైగా వెచ్చగా ఉండగలదు. వాతావరణ శాఖ చెప్పే ఉష్ణోగ్రత మన తల ఎత్తులోది, మొక్క బతికే ఉష్ణోగ్రత నేల మీద రెండంగుళాల్లోది. రెండింటికీ సంబంధమే ఉండదు.

ఇలాంటి మొక్కలు చిన్న మొక్కలకి ఆశ్రయమిస్తాయని, తల్లిలా కాపాడతాయని వ్యాసాల్లో తెగ రాస్తుంటారు. ఆండీస్‌లో చాలాచోట్ల అది నిజమే. లద్దాఖ్‌లో చెక్ దేశపు శాస్త్రవేత్తలు లెక్కపెట్టి చూస్తే థైలాకోస్పెర్మమ్ మీద పెరిగే జాతులు పక్కనున్న ఖాళీ నేల మీద కంటే తక్కువే ఉన్నాయి. అంత గట్టిగా ఒరుసుకున్న చోట ఇంకొకడు ఎక్కడ దూరతాడు? ఆవిడ తల్లి కాదు, చోటు ఇవ్వని ఇంటి ఓనరు. నాకు ఈ నిజమే ఎక్కువ నచ్చింది.

అయితే నేలకి అతుక్కుని వేడి పట్టుకోవడంలో ఒక తిరకాసు ఉంది. గాలి లేని మధ్యాహ్నం ఆ వేడి ఎక్కువైపోతుంది. ఇక్కడ జులైలో గాలి చల్లగా, చొక్కా మీద స్వెట్టర్ వేసుకునేలా ఉంటుంది, నేల మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. ఆస్ట్రియా ఆల్ప్స్‌లో 1950లలో 2,000 మీటర్ల పైన ఎండకి ఎదురుగా ఉన్న ఒక నల్లమట్టి వాలు మీద దాదాపు 80 డిగ్రీలు నమోదైంది. రెంటచింతల వాళ్లు కూడా దడుచుకునే లెక్క! ఆల్ప్స్‌లో బండల మీద పెరిగే సెంపర్‌వైవమ్‌లాంటివి 50 డిగ్రీలు దాటినా ఓర్చుకుంటాయి. రాత్రికి మళ్లీ అదే ఒళ్లు సున్నా కిందికి దిగుతుంది. ఒక్క రోజులో మే నెల రెంటచింతల, జనవరి లేహ్ రెండూ చూస్తాయి.

అందుకే చాలా వాటికి నూగు. ఇక్కడి సాసూరియాల్లో కొన్ని ఒంటినిండా తెల్లటి దూదిలోనే ఉంటాయి. ఆ నూగు వెలుగును కొంత వెనక్కి కొడుతుంది, గాలిని ఆకు దగ్గర కదలకుండా ఆపుతుంది. దాంతో పగలు నీరు తక్కువ పోతుంది, రాత్రి వేడి తక్కువ పోతుంది. ఎడెల్‌వైస్ అని ఆల్ప్స్‌లో పెరిగే ఒక మొక్క నూగును 2005లో బెల్జియం శాస్త్రవేత్తలు మైక్రోస్కోపుల కింద పెట్టి చూశారు. ఆ వెంట్రుకల నిర్మాణం అతినీలలోహిత కిరణాలను పీల్చేసి, మొక్కకి పనికొచ్చే వెలుగును లోపలికి వదులుతుందని తేలింది. సన్‌స్క్రీన్ కొనడానికి ఇక్కడ నేను పెట్టే ఖర్చు గుర్తొచ్చి కడుపు మండింది.

ఇంకెంత ఎత్తు దాకా బతుకుతాయంటావా? తూర్పు లద్దాఖ్‌లో, టిబెట్ వైపు, 6,150 మీటర్ల దగ్గర ఆరు జాతుల పూమొక్కలున్నాయని ఆ చెక్ బృందమే రాసింది. అన్నీ బుల్లి మొక్కలే. వాళ్లు 2003లో చూసిన చోట్లకి పదేళ్ల తర్వాత మళ్లీ వెళ్లారు. వేడి పెరుగుతోంది కాబట్టి కొన్ని జాతులు పైకి ఎక్కాయి, అది ఊహించిందే. 2010 వేసవిలో మాత్రం మామూలు కంటే విపరీతంగా మంచు కురిసింది. లేహ్‌లో వరద వచ్చి వందల మంది చనిపోయిన ఏడాదే అది. ఆ తర్వాత కొండ మీద పచ్చదనం బాగా తగ్గిపోయింది. మంచు గబగబా కరగడం, రాత్రి మళ్లీ గడ్డకట్టడం, మళ్లీ కరగడం... ఆ గుంజులాటే దెబ్బతీసిందని వాళ్ల అంచనా. నడిచలికాలం మైనస్ ఇరవైని మొక్క తట్టుకోగలదు, ఎందుకంటే ముందే ఎండి సిద్ధంగా ఉంటుంది. వేసవిలో నీళ్లు నిండిన లేత ఒళ్లుతో ఉన్నప్పుడు గడ్డకట్టడం వేరే. తడి మట్టి గడ్డకట్టి ఉబ్బితే పిల్ల మొక్కల వేర్లు తెగి పైకి లేచిపోతాయి కూడా. ఏళ్లకేళ్లు కరువుకి అలవాటుపడ్డ వాళ్లని తడి దెబ్బకొట్టింది. కోతకొచ్చిన శెనక్కాయ మీద అకాల వాన పడితే నీకెలా ఉంటుందో నేను వేరే చెప్పాలా.

ఇప్పుడు అర్థమైందా, నీ నీడ కుండీలో ఎందుకు బతకదో? దానికి కళ్యాణదుర్గం ఎండ ఒక్కటే సమస్య అనుకోకు, రాత్రి కూడా సమస్యే. ఇక్కడ రాత్రి చల్లబడగానే మొక్క ఊపిరి నెమ్మదిస్తుంది, పగలు సంపాదించింది మిగులుతుంది. మన మే నెల రాత్రి 28 డిగ్రీల్లో అది తెల్లవార్లూ తన చక్కెరని తానే కాల్చుకుంటుంది. చలికాలం రాదు కాబట్టి విశ్రాంతీ ఉండదు. పైగా పువ్వు కావాలంటే ఓపిక కావాలి. ఇలా ఎత్తైన కొండల మీద పెరిగే చాలా మొక్కలు వచ్చే ఏడాది పువ్వుకి ఈ ఏడాదే మొగ్గ కట్టి పెట్టుకుంటాయి, కరిగే నెలలు రెండు మూడే కదా, అప్పటికప్పుడు తయారుచేసే తీరిక ఉండదు. ఇంతా చెప్పి, తవ్వి తేవడం నాకెలాగూ చేతకాదు, మనసూ ఒప్పుకోదు. చెల్లెమ్మ జెముడే నయం, నీళ్లు మాత్రం తక్కువ పొయ్యమను.

నీకు తేగలిగింది ఎండు ఆప్రికాట్లు. ఆప్రికాట్‌ని ఇక్కడ చులి అంటారు, దసరాకి వచ్చేటప్పుడు సంచి నిండా తెస్తాను. పిల్లలకి పంచు, సగం నువ్వే తినెయ్యకు.

వచ్చే జులైలో నువ్వు రారా. విమానం దిగాక మొదటి రెండు రోజులు లేహ్‌లో కదలకుండా పడుకోవాలి, నీ గొప్పలు ఇక్కడ పనిచెయ్యవు. తర్వాత చాంగ్‌లా దాకా తీసుకెళ్తాను. అక్కడ తలనొప్పి వస్తుంది, ఆయాసం వస్తుంది, ఐనా మోకాళ్ల మీద కూర్చుని కింద చూడాలి. పైకి చూస్తే కొండలు తప్ప ఏమీ లేవనిపిస్తుంది. వచ్చేటప్పుడు అమ్మ చేసే శెనక్కాయల పొడి ఒక కిలో, నాలుగు రాగి సంకటి ముద్దలకి సరిపడా పిండి తీసుకురా. పిండి ఎక్కువే తీసుకురా, ఇక్కడ నీళ్లు తొంభై డిగ్రీలకే మరిగిపోతాయి, ముద్ద సరిగ్గా ఉడికేలోపు ఎన్నిసార్లు పాడుచేస్తామో తెలీదు.

బోరు సంగతి రాయలేదు. నీళ్లు పడ్డాయా లేదా?

నీ
శీనుగాడు