లైబ్రరీకి కంప్యూటర్ కంటే ముందు మనిషిని ఇయ్యున్రి సార్

మహారాష్ట్ర ఉన్నత, సాంకేతిక విద్యా శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. మాది గడ్చిరోలి జిల్లా, సిరొంచ తాలూకా. ఇదే లెటర్ మరాఠీల రాసి పోస్టుల పంపిన, జవాబు రాలే, అందుకే ఇప్పుడు తెలుగుల అందరికీ కనపడేటట్టు రాస్తున్న. మీకు ఎవరన్నా చదివి చెప్తరనుకుంట. చెప్పేటోళ్లు దొరకకపోతే మా బాధ కూడా అదే అనుకోండి.

మాకు ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ, అంగట్ల రెండూ, జర అడివి దిక్కు పోతే మాడియా గోండుల భాష. 1982ల చంద్రపూర్ నుంచి విడిపోయి కొత్త జిల్లా వచ్చింది కానీ జిల్లా కేంద్రానికి పోవాలంటే ఇప్పటికీ దగ్గర దగ్గర 200 కిలోమీటర్లు, అదే గోదావరి బ్రిడ్జి దాటితే కాళేశ్వరం. ఇసొంటి చోట మాకొక వాచనాలయం, అంటే లైబ్రరీ ఉన్నది. పేరు రాయను, నడిపేటోళ్లు మనోళ్లే. నేను తెలుగు చదువుడు నేర్చుకున్నది బడిల కాదు, అక్కడ. లైబ్రరీ సార్ నిన్నటి తెలుగు పేపర్ చేతిల పెట్టి హెడ్డింగులు పైకి చదవమనేటోడు, మరాఠీకి నెత్తి మీద గీత, తెలుగుకు నెత్తి మీద తలకట్టు, గంతే తేడా అనుకోరా అని నవ్వేటోడు.

ఆ సార్ లైబ్రరీ కోర్సు చేసినోడు. ప్రతి తెలుగు కథల పుస్తకానికి అట్ట అంచుకు చిన్న చీటీ అతికించి 894.827 అని రాసేటోడు, లైబ్రరీల పుస్తకాలకు విషయాన్ని బట్టి నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతిల తెలుగు సాహిత్యానికి అదే నంబరు, మరాఠీకి 891.46. ఆయన మానేసినంక వచ్చిన పిల్లగాడు మంచోడే, కానీ తెలుగు రాదు, ట్రైనింగ్ లేదు, తెలుగు పుస్తకాలన్నీ గోనె సంచిల కుక్కి మార్కర్‌తోని 'ఇతర' అని రాసి బీరువా మీద పెట్టిండు. మొన్న వానలప్పుడు దింపి చూస్తే అడుగువన్నీ చెదలు తిన్నయి.

సార్ ఎందుకు మానేసిండంటే ఇంకేంటిది, జీతమే. 1967 మహారాష్ట్ర లైబ్రరీల చట్టం కింద మీరు అ, బ, క, డ అని వర్గాలు పెట్టి గ్రాంటు ఇస్తరు, మాది కింది వర్గం, ఆ గ్రాంట్లనే పుస్తకాలు, పేపర్లు, కరెంటు బిల్లు, మిగిలినదాంట్ల జీతం, లేటైతే అదీ లేదు. బ్రిడ్జి అవతల తెలంగాణల ఇంటి పన్నుల రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు ఉన్నది. అవి టైముకు ముట్టవని అక్కడోళ్లూ తిడతరు, కానీ గట్టిగ అడుగుటానికి వాళ్లకొక లెక్క ఉన్నది. మన చట్టంల సెస్సే లేదాయె.

ఫోన్ల అన్నీ దొరుకుతుంటే లైబ్రేరియన్ ఎందుకు అని ఒక ఆఫీసర్ నా మొహం మీదనే అన్నడు. పోలీస్ భర్తీ ఫారాలు, మహాడీబీటీ అనే సర్కారు వెబ్‌సైట్ల స్కాలర్‌షిప్పులు, అన్నీ ఆ సార్ టేబుల్ కాడనే నింపేటోళ్లు పిల్లలు. ఒక పిల్లది ఫారం రెండుసార్లు వాపస్ వచ్చింది, ఎందుకో ఎవరికీ సమజ్ కాలే. సార్ చూసి చెప్పిండు, అమ్మమ్మ ఇల్లు నది అవతల, ఆధార్ అక్కడ తీసిన్రు, అండ్ల తండ్రి పేరు నడుమల లేదు, ఇక్కడి మార్కుల షీటుల ఉన్నది, రెండు పేర్లు కలుస్తలేవు. ప్రతిజ్ఞాపత్రం, అంటే అఫిడవిట్, మరాఠీల రాసిచ్చి, అండ్ల ఏం రాసిండో వాళ్లమ్మకు తెలుగుల చదివి వినిపించి, అప్పుడు సంతకం పెట్టించిండు. ఇది ఏ యాప్ చేస్తది సార్?

గడ్చిరోలి పోలీసోళ్లు 'ఏక్ గావ్ ఏక్ వాచనాలయ్' అని ఊర్లల్ల పెడుతున్నరు, మంచిదే, పిల్లలు కూసుని చదువుతున్నరు. ఆ రూములల్ల ఉండే మనిషికి ట్రైనింగు, నెలనెల జీతం ఇచ్చుడు మాత్రం మీ శాఖ చూసుకోవాలె. కోల్‌కతల ఉన్న రాజా రామ్‌మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ 1972 నుంచి రాష్ట్రాలతోని కలిసి పుస్తకాలకు పైసలు ఇస్తది కదా, ఆ కొనుడుల మా తాలూకాకు తెలుగువి కూడా పెట్టున్రి. మరాఠీవి తగ్గించమంటలేను, మా పిల్లలకు రెండూ కావాలె. కంప్యూటర్లు తర్వాతైనా నడుస్తది, పోయినసారి ఇచ్చినదాని డబ్బా ఇంకా విప్పలే.

సంచిల చెదలు తగలనివి 43 పుస్తకాలు మా ఇంట్ల ఉన్నయి, ఎండకు పెట్టి దులిపిన. వాటిని రిజిస్టర్ల ఎక్కించుకునేటోడు వచ్చిన రోజు తెచ్చిస్త.

ఇట్లు,
సిరొంచ తాలూకా పాఠకుడు