ప్రేక్షకుల మాటలను కత్తిరించి ప్రకటనలో వేసుకున్నందుకు ఫిర్యాదు

రాజమహేంద్రవరం,
12 జనవరి 2026.

గౌరవనీయులైన మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: గత అక్టోబరులో మీ బ్రిటన్ యాత్రలో భాగంగా లండన్‌లో మేము చూసిన ‘లే మిజరాబ్’ సంగీత నాటకంపై రాసిచ్చిన అభిప్రాయాలను మార్చి మీ కొత్త బ్రోచర్‌లో అచ్చువేయడం గురించి.

ఆర్యా,

ముప్పై ఒక్క సంవత్సరాలు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో తెలుగు బోధించి పదవీ విరమణ చేసినదాన్ని. గత అక్టోబరులో మీ సంస్థ ద్వారా ఇరవై ఆరు మందితో కలిసి బ్రిటన్ వెళ్ళి వచ్చాను. బస, భోజనం, ప్రయాణం విషయంలో మీ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఈ లేఖ రాయవలసి వచ్చింది కేవలం ఒక సాయంత్రం గురించి, ఆ సాయంత్రం మేము పొందిన అనుభూతిని మీరు అచ్చులో ఏం చేశారన్న దాని గురించి.

యాత్ర ముగిసిన వారం రోజులకు మీ కార్యాలయం నుంచి వాట్సాప్‌లో ఒక ఫారం వచ్చింది. షాఫ్ట్స్‌బరీ అవెన్యూలోని సోండ్‌హైమ్ థియేటర్‌లో చూసిన నాటకం మీకెలా అనిపించిందో తెలుగులో రాయండి, మీ మాట రాబోయే యాత్రికులకు ఉపయోగపడుతుంది అని అందులో ఉంది. ఆ చివరి మాటను నమ్మి, రెండు రోజులు కూర్చుని, రెండు పేజీలు రాసి పంపాను. మొన్న సంక్రాంతి ప్రత్యేక యాత్రల బ్రోచర్ మా పక్కింటివారికి పోస్టులో వస్తే, ఏడో పేజీలో నా ఫోటో కింద ఈ రెండు వాక్యాలు కనిపించాయి: “మూడు గంటలు కదలకుండా కూర్చున్నాం. కళ్ళు చెమర్చాయి.”

నేను రాసినది ఇది: “కథ ఏమిటో ముందుగా ఎవరూ చెప్పకపోవడం వల్ల, ఎవరు ఎవరో అంతుపట్టక, మధ్యలో లేస్తే పక్కవారికి ఇబ్బంది అవుతుందని మాలో సగం మందిమి మూడు గంటలు కదలకుండా కూర్చున్నాం. కథ తెలిసిన నలుగురైదుగురి కళ్ళు మాత్రం చెమర్చాయి.” ఒక్క అక్షరం కూడా కొత్తగా చేర్చలేదు కాబట్టి తప్పు లేదని మీ సిబ్బంది ఒకరు ఫోన్‌లో నాతో అన్నారు. వాక్యానికి ముందూ వెనకా ఉన్నదాన్ని తీసేస్తే అర్థం తలకిందులవుతుందని ఏడో తరగతి పిల్లలకు చెప్పే పాఠం. చేర్చకపోయినా తీసేయడంతోనే నా చేత అబద్ధం చెప్పించారు.

నా ఒక్కదాని సంగతి అయితే ఫోన్‌తో సరిపెట్టుకునేదాన్ని. అదే పేజీలో మా బృందంలోని మరో ఇద్దరి మాటలూ ఉన్నాయి. థియేటర్ బయట, నాటకంలోని చిన్నారి కోజెట్ ముఖం ఉన్న పెద్ద బొమ్మ కింద నవ్వుతూ నిలబడిన పెద్దాయన ఫోటో పక్కన “మళ్ళీ మళ్ళీ చూడాలనిపించే నాటకం” అని వేశారు. ఆ ఫోటో నాటకం మొదలవకముందు తీసింది. ఆయన ఇంటర్వెల్‌లో నా దగ్గరకు వచ్చి, “ఎవరు తండ్రో ఎవరు పోలీసో తెలియడం లేదండీ, నేను బయట గాలి పీల్చుకుంటాను” అని చెప్పి వెళ్ళిపోయారు. రెండో సగం అసలు చూడలేదు. ఆయనను అడిగితే, తాను ఫారం నింపనే లేదని చెప్పారు.

ఇక మూడోది విశ్రాంత సబ్ ఇన్‌స్పెక్టర్ గారిది. ఆయన పేరుతో “సూపర్ షో” అన్న రెండు ముక్కలు వేశారు. ఆ రోజు ఆయన ఎలా ఉన్నారో పక్క సీటులో ఉన్న నేను చూశాను. పట్టు వదలని పోలీసు అధికారి జవేర్, తాను జీవితమంతా వెంటాడిన ఖైదీయే తన ప్రాణం కాపాడి వదిలేశాడన్నది తట్టుకోలేక, సెన్ నది వంతెన మీద నిలబడి పాడి, దూకేస్తాడు. వెనుక తెర మీద నీటి సుడి తిరుగుతుంటే ఆ మనిషి అందులోకి జారిపోతున్నట్టు చూపించారు. హాలంతా చప్పట్లు కొట్టింది. మా ఇన్‌స్పెక్టర్ గారు కొట్టలేదు, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని అలాగే ఉండిపోయారు. హోటల్‌కు తిరిగి వెళ్ళే బస్సులో ఆయన అన్నది ఒకే మాట: “వాడు చెడ్డవాడు కాదమ్మా. నమ్మినది తప్పని తెలిశాక ఎలా బతకాలో తెలియనివాడు.” ముప్పై ఏళ్ళు ఖాకీ తొడుక్కున్న మనిషి నోటి నుంచి వచ్చిన ఆ మాట ఏ పత్రికలో వచ్చే సమీక్షకూ తీసిపోదు. ఆయన ఫారంలోనూ అదే రాశానని చెప్పారు. దాన్ని పక్కన పెట్టి “సూపర్ షో” అని వేయడానికి మీకు చేతులెలా వచ్చాయో నాకు అర్థం కాలేదు.

ప్రేక్షకుడి మాటకు ఇంత పట్టింపు ఎందుకని మీరనుకోవచ్చు. ఈ నాటకం విషయంలో ఆ పట్టింపుకు ప్రత్యేకమైన కారణం ఉంది. విక్టర్ హ్యూగో 1862లో వెలువరించిన నవలను అలాన్ బూబ్లిల్, క్లోద్ మిషెల్ షోన్‌బెర్గ్ ఫ్రెంచిలో పాటల నాటకంగా మలిస్తే, 1980లో పారిస్‌లో ప్రదర్శించారు. ఇంగ్లీషు రూపం 1985 అక్టోబరు 8న లండన్‌లోని బార్బికన్‌లో మొదలైనప్పుడు చాలామంది విమర్శకులు పెదవి విరిచారు, గొప్ప నవలను చౌకబారు చేశారన్నారు. దాన్ని నిలబెట్టింది టికెట్ల కోసం బారులు తీరిన జనం, చూసి వచ్చి పక్కవాళ్ళకు చెప్పిన జనం. రెండు నెలలు తిరగకముందే అది ప్యాలెస్ థియేటర్‌కు మారింది, 2004లో ఇప్పుడున్న థియేటర్‌కు వచ్చింది, మేము చూసిన నెలకు నలభై ఏళ్ళు నిండాయి. అంటే ఈ నాటకానికి ఉన్న ఆస్తి మామూలు ప్రేక్షకుడు నిజాయితీగా చెప్పిన మాటే. ఆ మాటనే మీరు కత్తెర పెట్టి వాడుకున్నారు.

మా బృందంలో సగం మందికి నాటకం ఎందుకు అందలేదో కూడా చెప్పాలి, ఎందుకంటే నా రెండు పేజీల్లో ఎక్కువ భాగం దాని గురించే ఉంది, మీరు పూర్తిగా వదిలేసింది కూడా దాన్నే. బస్సులో మీ టూర్ మేనేజర్ “పాటలూ డాన్సులూ ఉంటాయి, సరదాగా ఉంటుంది” అని మాత్రమే చెప్పారు. అందులో డాన్సులు పెద్దగా లేవు. ఆదినుంచి తుదివరకు దాదాపు ప్రతి మాటా పాటే. రొట్టె దొంగిలించినందుకు ఐదేళ్ళు, పారిపోవడానికి ప్రయత్నించినందుకు మరో పద్నాలుగేళ్ళు జైలులో మగ్గిన జాన్ వాల్జాన్ 1815లో విడుదలవడంతో కథ మొదలై, ఒక్కసారిగా 1823కు, అక్కడి నుంచి 1832కు దూకుతుంది. మధ్యలో అతను పేరు మార్చుకుంటాడు, మేయరవుతాడు. ఇంగ్లీషు బాగా వచ్చినవారికి కూడా గబగబా పాడే ఆ పదాలు చెవికి అందవు. సీటు ముందు తెలుగులో నాలుగు పేజీల కథాసారం ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు.

పాట రూపం మనవాళ్ళకు కొత్త కాదన్న సంగతి మీరు గుర్తించాలి. పద్యనాటకాలు చూసి పెరిగిన తరం మాది. రాగం తీస్తే వన్స్ మోర్ అని అరిచిన ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళం. తిరుగుబాటు చేసిన కుర్రాళ్ళు వీధిలో కట్టిన అడ్డుగోడ, అంటే బారికేడ్ మీద అందరూ నిద్రపోతుండగా, వాల్జాన్ వారిలో మారియస్ అనే కుర్రవాడి ప్రాణం నిలబెట్టమని దేవుణ్ణి వేడుకుంటూ, గొంతు పైకి తీసుకెళ్ళి, సన్నగా దారంలా పాడిన ఆ పాట అయ్యేసరికి హాలులో ఊపిరి చప్పుడు కూడా లేదు. నా ముందు వరుసలో ఉన్న మా బృందంలోని మరో పెద్దాయన రెండు చేతులూ జోడించి కూర్చున్నారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. భాష అడ్డం కాలేదు. కథ తెలియకపోవడమే అడ్డమైంది, అది మీరు సులభంగా తీర్చగలిగిన లోటు.

కథ తెలిసినవారు ఎలా చూశారో చెబుతాను. మాతో డెబ్బై ఎనిమిదేళ్ళ అమ్మగారు ఒకరు ఉన్నారు. నాగయ్య గారు నటించిన 1950 నాటి ‘బీదలపాట్లు’ సినిమా ఈ నవల ఆధారంగా వచ్చినదే. చిన్నతనంలో టూరింగ్ టాకీసులో ఆమె దాన్ని చూశారు. మొదటి పది నిమిషాలు ఆమె కూడా తికమకపడ్డారు. ఆశ్రయమిచ్చిన బిషప్పు ఇంట్లో వెండి సామాను సంచిలో వేసుకుని పారిపోయిన వాల్జాన్‌ను పోలీసులు మెడ పట్టుకుని తీసుకొచ్చేసరికి, చటుక్కున నా చెయ్యి పట్టుకున్నారు. “ఈయన పట్టివ్వడు చూడు టీచరమ్మా, ఇది మా నాగయ్య కథ” అన్నారు. బిషప్పు పోలీసులతో ఆ వెండి తానే ఇచ్చానని చెప్పి, మరచిపోయావంటూ రెండు దీపస్తంభాలు కూడా అతని చేతుల్లో పెట్టినప్పుడు ఆమె ఏడ్చేశారు. చివర్లో వాల్జాన్ చనిపోయే వేళ అవే దీపస్తంభాలు మళ్ళీ రంగస్థలం మీద వెలుగుతుంటే, “ఇంకా దగ్గరే పెట్టుకున్నాడా” అని మెల్లగా అన్నారు. మూడు గంటల నాటకంలో ఎంతమంది గమనించారో గానీ, ఆమె గమనించారు. నా ఫారంలో ఈ ముచ్చట పూర్తిగా రాశాను. మీ బ్రోచర్‌లో దానికి చోటు దొరకలేదు.

అందరికీ ఒకేలా నచ్చిందని కూడా నేను రాయలేదు. జుట్టు కత్తిరించి అమ్ముకున్న కోజెట్ తల్లి ఫాంటీన్ కథ తర్వాత, సత్రం నడిపే తెనార్దియే దంపతులు వచ్చి చేసే హాస్యం మా బృందంలో కొందరికి రోత పుట్టించింది, చుట్టూ హాలంతా విరగబడి నవ్వుతున్నా. నాకు మాత్రం అది కావాలనిపించింది, అంత దుఃఖం తర్వాత ఊపిరి తీసుకోవడానికి. రోత పుట్టిందన్నవారిలో ఒకరూ నేనూ హోటల్ లాబీలో రాత్రి పదకొండు దాటేదాకా వాదించుకున్నాం. నాటకం బాగుందనడానికి అంతకంటే మంచి ఆనవాలు ఏముంటుంది? ఈ భేదాభిప్రాయాన్ని ఉన్నదున్నట్టు వేసి ఉంటే రాబోయే యాత్రికులకు నిజంగా ఆసక్తి కలిగేది.

బ్రోచర్‌లో నాటకాన్ని “ఫ్రెంచి విప్లవ గాథ” అన్నారు, అదీ దిద్దుకోవాలి. ఫ్రెంచి విప్లవం 1789లో మొదలైంది. ఇందులో ఉన్నది జనరల్ లమార్క్ అంత్యక్రియల సందర్భంగా పారిస్‌లో 1832 జూన్ 5, 6 తేదీల్లో జరిగి అణగిపోయిన తిరుగుబాటు. గెలిచిన విప్లవం కోసం ఎదురుచూస్తూ కూర్చున్న మా వాళ్ళు, ఆ కుర్రాళ్ళలో దాదాపు అందరూ, బాలుడు గవ్రోష్‌తో సహా, బారికేడ్ మీద చనిపోతే తెల్లబోయారు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదారి పట్టించే ప్రకటనలను నిషేధిస్తుంది. దాని కింద 2022లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ప్రకటనలో ఒకరి పేరుతో వేసే అభిప్రాయం ఆ వ్యక్తి నిజమైన అభిప్రాయమై ఉండాలి, తగిన సమాచారం లేదా అనుభవం నుంచి వచ్చినదై ఉండాలి. రెండో సగం చూడని మనిషి పేరుతో “మళ్ళీ మళ్ళీ చూడాలి” అని వేయడం ఈ నియమానికి ఎలా నిలుస్తుందో మీ న్యాయ సలహాదారును అడగండి.

కాబట్టి నేను కోరేది ఇది. మిగిలిన బ్రోచర్ ప్రతుల పంపిణీని వెంటనే ఆపించాలి. మీ వెబ్‌సైట్‌లో ఉన్న బ్రోచర్ నుంచి ఏడో పేజీని తొలగించాలి. నా అభిప్రాయం వేయదలిస్తే, ఆ రెండు పేజీలూ ఉన్నవి ఉన్నట్టు వేయాలి, లేదా నా ఫోటోతో సహా పూర్తిగా తీసేయాలి. మిగిలిన ఇద్దరు సభ్యులకు రాతపూర్వకంగా క్షమాపణ చెప్పి, ఇన్‌స్పెక్టర్ గారు తన ఫారంలో రాసినదాన్ని ఆయన అనుమతితో అచ్చువేయాలి. డబ్బు వాపసు నాకు అక్కర్లేదు.

రాబోయే ఏప్రిల్ బృందానికి కూడా ఇదే నాటకం ఉందని మీ ప్రకటనలో చూశాను. ఈ లేఖతో పాటు నాలుగు పేజీల తెలుగు కథాసారం జతచేస్తున్నాను. ఎవరు ఎవరో, ఏ సంవత్సరంలో ఏం జరుగుతుందో, పాటలు ఏ సందర్భంలో వస్తాయో అందులో ఉంది, పెద్దవారు చదువుకోవడానికి వీలుగా అక్షరాలు పెద్దవిగా టైపు చేయించాను. దానికి నాకు ప్రతిఫలం అవసరం లేదు, నా పేరు వేయనవసరం లేదు. విమానం ఎక్కేముందు ప్రతి యాత్రికుడి చేతిలో ఒక ప్రతి పెట్టండి.

ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో రాతపూర్వకమైన జవాబు ఇవ్వగలరు. రాని పక్షంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ద్వారా ఫిర్యాదు నమోదు చేయిస్తాను. నా పేరు, చిరునామా, బుకింగ్ వివరాలు, ఫారం ప్రతి జతపరిచిన కాగితాల్లో ఉన్నాయి.

ఇట్లు,
మీ అక్టోబరు యాత్రా బృంద సభ్యురాలు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు.