నాన్నకి తోడు నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

తలకి దెబ్బ తగిలి ఆసుపత్రిలో ఉన్న నాన్న నిన్న ఇంటికొచ్చారు. కుడి చేతికి ఇంకా పట్టు దొరకలేదు, మాట కాస్త నెమ్మది. అయినా వచ్చీ రాగానే ఈరోజు పేపరేదని అడిగారు.

రోడ్డు మీద పడిపోయిన మనిషిని చూసి బండి ఆపి 108కి ఫోన్ చేసిన ఆ అబ్బాయికి, రక్తం ఇవ్వడానికి పరుగున వచ్చిన మా వీధి కుర్రాళ్లకి, ఐసీయూ సిస్టర్లకి చేతులెత్తి దణ్ణం.

నాన్న దగ్గర లెక్కలు నేర్చుకుని, ఇప్పుడు మెదడు మీద పరిశోధన చేస్తున్న తమ్ముడి గురించి మాత్రం కాస్త ఎక్కువే రాయాలి. స్కాన్‌లో మెదడు వాపు కనిపించిందనగానే చుట్టాలంతా ‘వాపు తగ్గడానికి స్టెరాయిడ్ ఇమ్మని అడగండి’ అని ఒకటే పోరు. డాక్టరుగారు వద్దన్నారు. ఎందుకో వివరంగా చెప్పే తీరిక పాపం ఆయనకెక్కడిది?

ఈ తమ్ముడు వరండా బెంచీ మీద కూర్చుని, స్కాన్ కవరు వెనక బాల్‌పెన్నుతో బొమ్మ గీశాడు. “అక్కా, మెదడులో మైక్రోగ్లియా అని సొంత కాపలా కణాలుంటాయి. దెబ్బ తగిలిన నిమిషాల్లోనే కొమ్మలు చాచి గాయాన్ని చుట్టేస్తాయి. 2005లో బతికున్న ఎలుక మెదడులోనే ఇది చూశారు. తర్వాత రక్తంలోంచి మాక్రోఫేజ్‌లనే కణాలు వచ్చి చచ్చిన కణాల చెత్త ఎత్తేస్తాయి. రెగ్యులేటరీ టి కణాలేమో ఈ హడావుడి శ్రుతి మించకుండా అదుపు చేస్తాయి” అన్నాడు. అదుపు తప్పితే ఇవే కణాలు బాగున్న నరాల కణాలకీ చేటు చేస్తాయట. అదీ దాచలేదు.

స్టెరాయిడ్ సంగతికొస్తే, తలకి దెబ్బ తగిలిన 10,000 మందిని పరీక్షించిన ‘క్రాష్’ ట్రయల్ ఫలితాలు 2004లో వచ్చాయి. రెండు వారాల్లో చనిపోయినవాళ్లు స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లలో సుమారు 21 శాతం, తీసుకోనివాళ్లలో 18 శాతం. స్టెరాయిడ్ ఇలాంటి రోగనిరోధక కణాల్ని అణచడమే ఆ చావులు పెరగడానికి కారణమని తేలలేదని కూడా తనే చెప్పాడు. నాకు అతని మీద నమ్మకం కుదిరింది అక్కడే. ఆ కవరు చూపించాక మా బాబాయి కూడా మళ్లీ ఆ మాటెత్తలేదు.

తమ్ముడూ, ఆ వారమంతా మా ఇంట్లో గొడవ లేకుండా గడిచిందంటే నీ చలవే.

ఫిజియోథెరపీ నడుస్తోంది. చూడ్డానికి వచ్చేవాళ్లు సాయంత్రం ఐదు దాటాక రండి, మధ్యాహ్నం ఆయన పడుకుంటున్నారు.