పడవకు గాలి లేదు, నాకు జవాబు లేదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

ఈ లేఖ తెలుగులో రాయడానికి కారణం ఉంది. ఇంగ్లీషులో 11 ఈమెయిళ్ళు పంపాను. ఒక్కదానికీ మనిషన్నవాడు రాసిన జవాబు రాలేదు. మిషిగన్‌లో శీతాకాలం పడవలను భద్రపరిచే మీ యార్డుకు ఫోను చేస్తే హైదరాబాదులో ఎత్తుతారని డిసెంబరులో తెలిసింది. అమెరికా పేరు చెప్పుకున్న ఒక కుర్రవాడు, నాకు వినబడదనుకుని, పక్కవారితో “పడవకు ఊపిరి ఆడటం లేదట, ఏం చెప్పమంటారు?” అని తెలుగులో అడిగాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు మాత్రం చాలా స్పష్టంగా వినబడింది. కాబట్టి నా భాష అర్థం కాలేదనే సాకు ఇక మీకు లేదు.

విషయం చిన్నది. అక్టోబరులో నా 22 అడుగుల తెరచాప పడవను సెయింట్ క్లెయిర్ సరస్సులోంచి తీయించి మీకు అప్పగించాను. ష్రింక్ ర్యాప్ (వేడికి బిగుసుకునే ప్లాస్టిక్ కప్పు) చుట్టి, దానికి గాలి కన్నాలు పెట్టి, పడవను నిలబెట్టే స్టాండ్లను గొలుసులతో బిగించడానికి డబ్బంతా ముందే కట్టాను. నవంబరు 23న వచ్చి చూస్తే కన్నం ఒక్కటీ లేదు. ర్యాప్‌కున్న జిప్పు తలుపు తీయగానే నెత్తి మీద నీటి బొట్లు పడ్డాయి. వేడన్నం గిన్నె మీద బిగించిన మూత చూశారు కదా, అదీ సంగతి. లోపల గాలి ఆడాలని లాకర్ల మూతలు తెరిచి, పరుపులు నిలబెట్టి నేను పడిన శ్రమంతా బూజుకు విందైంది. కింద గొలుసులూ లేవు. గాలికి పడవ అదిరినప్పుడు ఎదురెదురు స్టాండ్లు బయటికి జారకుండా పట్టి ఉంచేవి అవేనని మీకు నేను చెప్పాలా?

ఇంతవరకు పొరపాటు. పొరపాటును నేను క్షమించేవాణ్నే. ఆ తరువాత జరిగినదాన్ని ఏమనాలో మీరే చెప్పండి.

మొదటి అమ్మాయి టికెట్ నంబరు ఇచ్చి 48 గంటలు ఆగమంది. ఆరు రోజులు ఆగాను. రెండో ఆయన ఆ నంబరు తమ దగ్గర లేదని, కొత్తది ఇచ్చాడు. మూడో ఆయన ఫోటోలు అడిగాడు. పంపితే సైజు ఎక్కువన్నారు, తగ్గించి పంపితే మసకగా ఉన్నాయన్నారు. నాలుగో ఆయన నా పడవ ఏ రంగు కారు అని అడిగాడు. పోనీ, నేనే వచ్చి కన్నాలు పెట్టుకుంటానంటే, ర్యాప్‌ను ఖాతాదారు కోస్తే పూచీ ఉండదన్నారు. అయితే మీరే కోయండి అంటే, యార్డు గేటుకు తాళం వేశారట, ఏప్రిల్‌లో తీస్తారట! మా చిన్నప్పుడు దయ్యం వెనక్కి పోవాలని తలుపుల మీద “రేపు రా” అని రాసేవారు. మీరు ఆ విద్యతోనే కంపెనీ నడుపుతున్నారు.

నేను కాకినాడవాణ్ని. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం వస్తే మా జాలరులూ నావలను ఒడ్డుకు చేరుస్తారు. ఏ జాలరీ తన నావను ఊపిరాడకుండా మూట కట్టగా నేను చూడలేదు.

ఇది మీ దగ్గర నాకు ఎనిమిదో శీతాకాలం. అవతలి యార్డు చవక అని ఇద్దరు మిత్రులు పోబోతే ఆపి, మీ దగ్గరికి తెచ్చింది నేనే. ఇప్పుడు వారు నన్ను చూసి నవ్వుతున్నారు. మీ హైదరాబాదువారిలాగే.

వచ్చే శుక్రవారం లోగా ఎవరైనా కత్తి, గొలుసులు తీసుకుని యార్డుకు వెళ్ళకపోతే క్రెడిట్ కార్డు కంపెనీ ద్వారా నా డబ్బు వెనక్కి అడుగుతాను, మిషిగన్ అటార్నీ జనరల్ వినియోగదారుల విభాగానికి ఈ కథంతా రాస్తాను. మా తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో ఎటూ పెడతాను. పరుపుల సంగతి, కనీసం ఒక క్షమాపణ సంగతి కూడా తేల్చండి.

ఇట్లు,
మీ రికార్డులలో రెండు టికెట్ నంబర్లుగా మిగిలిన ఖాతాదారు

తా.క.: ఇది రాస్తుండగానే మీ సందేశం వచ్చింది. మా సేవకు 10కి ఎన్ని మార్కులు వేస్తారని అడిగారు. సున్నా నొక్కితే, 1 నుంచి 10 లోపు అంకెను ఎంచుకోండి అంటోంది.