దెయ్యం కథలో తప్పిపోయిన మనిషి

సంపాదకులకు నమస్కారం.

టొరంటో దీవుల్లోని జిబ్రాల్టర్ పాయింట్ లైట్‌హౌస్ గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన కథనం చదివాను. పొగమంచు కమ్మిన రాత్రుల్లో వినిపించే మూలుగులు, నరికి పాతిపెట్టిన తన శరీర భాగాల కోసం వెతుక్కునే తొలి కాపలాదారు ప్రేతం, అన్నీ అందులో ఉన్నాయి. ఆ కాపలాదారు పేరు మాత్రం లేదు. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను.

ఆయన పేరు జాన్ పాల్ రాడెల్‌ముల్లర్. జర్మనీలో పుట్టి, బ్రిటిష్ రాజకుటుంబీకుల కొలువులో పనిచేసి, అప్పట్లో యార్క్ అని పిలిచే టొరంటోకు వచ్చి స్థిరపడ్డాడు. ఒంటారియో సరస్సు ఒడ్డున 1808లో కట్టిన ఆరు పలకల రాతి స్తంభానికి 1809లో కాపలాదారు అయ్యాడు. తిమింగలం నూనెతో వెలిగే ఆ దీపాన్ని చూసుకుంటూనే 1815 జనవరి 2న హత్యకు గురయ్యాడు. బ్రిటన్‌కు అమెరికాతో జరుగుతున్న యుద్ధాన్ని ముగించే సంధిపై అప్పటికి తొమ్మిది రోజుల కిందటే సంతకాలు జరిగినా, ఆ కబురు ఇంకా సముద్రం దాటి రాకపోవడంతో యార్క్ కోటలో సైనికులు యుద్ధానికి సిద్ధంగానే ఉన్నారు.

మద్యం కోసం వచ్చిన సైనికులు ఆయనను చంపి ముక్కలు చేశారన్నది తరతరాలుగా చెప్పుకుంటున్న కథ. 1893లో అప్పటి కాపలాదారు జార్జ్ డర్నన్‌కు సమీపంలో శవపేటిక ముక్కలు, దవడ ఎముక దొరకడంతో అది మరింత బలపడింది. అవి రాడెల్‌ముల్లర్‌వే అనడానికి రుజువు లేదు. రుజువున్నది వేరొకటి. 1815 జనవరి 14 నాటి యార్క్ గెజిట్ పత్రిక ఆయనను ఎవరికీ హాని తలపెట్టని, దయగల మనిషిగా పేర్కొంటూ, ఇది హత్యేనని, అనుమానితులు జైల్లో ఉన్నారని ప్రకటించింది. ఇద్దరు సైనికులపై మార్చిలో విచారణ జరిగింది, నిర్దోషులుగా విడుదలయ్యారు. చరిత్రకారుడు ఈమన్ ఒకీఫ్ పాత దస్తావేజుల నుంచి ఈ వివరాలను వెలికి తీసి ఎన్నో ఏళ్లయింది.

నేను ఆ స్తంభం దగ్గరకు వెళ్లి చాలాసేపు నిలబడ్డాను. 1832లో ఎత్తు పెంచినప్పుడు వేరే రాయి వాడినందువల్ల పైభాగం రంగు కింది గోడతో కలవదు, అతుకు స్పష్టంగా కనిపిస్తుంది. కట్టినప్పుడు నీటికి 25 అడుగుల దూరంలోనే ఉన్న స్తంభం, ఇసుక మేటలు వేయడంతో ఇప్పుడు ఒడ్డుకు సుమారు 100 మీటర్ల లోపల, చెట్ల మధ్య ఉండిపోయింది. పక్కనున్న ఫలకం మీద మాత్రం కాపలాదారుది మిస్టరీ మరణమనీ, అందువల్ల ఈ కట్టడానికి దెయ్యాల పేరు వచ్చిందనీ రాసి ఉంది. ఆయన పేరు కూడా సరిగా చెక్కలేదు. కేసు నడిచిన ప్రస్తావనే లేదు.

దెయ్యం కథను చెరిపేయమని నేను కోరడం లేదు. 1950ల చివర్లో దీపం ఆరిపోయాక కూడా జనం అక్కడికి వస్తున్నారంటే అందులో ఆ కథ పాత్ర చాలా ఉంది, దాన్ని నేను గౌరవిస్తాను. కానీ సంబంధిత అధికారులు ఆ ఫలకం మీద పేరు సరిదిద్ది, హత్య, విచారణ, తీర్పు గురించి రెండు వాక్యాలైనా చేర్చాలి. మీ పత్రిక కూడా ఆ కథనానికి కొనసాగింపుగా రాడెల్‌ముల్లర్ గురించి ఒక చిన్న వ్యాసం వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, టొరంటో