సేవకుల రిట్రీట్ పెడుతున్నావట కదా, విను

ప్రియ నేస్తమా,

ప్రభువు నామంలో వందనాలు.

పాస్టర్లు రోజువారీ పని పక్కనపెట్టి ఏకాంతంగా గడిపే రిట్రీట్ బాధ్యత నీ నెత్తిన పడిందన్న కబురూ, నువ్వు వేసిన టైమ్‌టేబులూ రెండూ అందాయి. అందులో సగం కొట్టెయ్యాలి, ముందే చెప్పేస్తున్నా. తెల్లారుజామున ప్రార్థన, పొద్దున రెండు ప్రసంగాలు, మధ్యాహ్నం సదస్సు, సాయంత్రం చర్చ, రాత్రి తొమ్మిదిన్నర దాకా ఆరాధన. ఇది రిట్రీట్ కాదురా, ఉజ్జీవ సభలు. వచ్చేవాళ్ళు ఏడాది పొడుగునా చేసేదే ఇది. ఇక్కడా అదే పెడితే మంచం మారడం తప్ప వాళ్ళకి ఒరిగేదేమీ లేదు.

కరపత్రంలో నాలుగు మాటలు వేశావు: నేర్చుకోవడం, ఆరాధన, సహవాసం, విశ్రాంతి. మాటలు బాగున్నాయి, వరసే తలకిందులైంది. విశ్రాంతిని ముందుకు తే. ఏలీయా ప్రవక్త సంగతి చూడు, 1 రాజులు 19వ అధ్యాయం. చావు కోరుకుని బదరీ వృక్షం కింద పడుకున్నవాడికి దూత వచ్చి వాక్యం చెప్పలేదు. తట్టి లేపి తినమన్నాడు. తిని, తాగి, మళ్ళీ పడుకున్నాడు. దూత మళ్ళీ లేపి తినమన్నాడు. హోరేబు కొండా, నిమ్మళమైన స్వరమూ, కొత్త పనీ అన్నీ ఆ తర్వాతే. మార్కు 6:31లో ప్రభువు శిష్యులని ఏకాంతంగా వచ్చి అలసట తీర్చుకోమన్నది కూడా, వాళ్ళకి తినడానికైనా తీరిక లేదని చూసే. ఆపైన ఏమైంది? వీళ్ళ దోనె ఒడ్డుకి చేరేలోపే జనం పరిగెత్తుకుని వచ్చి అక్కడున్నారు.

కాబట్టి చోటు దగ్గర జాగ్రత్తపడు. సంఘం నుంచి అరగంటలో చేరగలిగే చోటైతే జనం వచ్చేస్తారు, లేదా మనవాడే సాయంత్రం 'ఒక్క పెళ్ళి చూసుకుని వస్తా' అని బండి తీస్తాడు. ప్రయాణం రెండు మూడు గంటలు పట్టాలి. అంతకు మించితే రానూపోనూ రెండు రోజులు దారిలోనే పోతాయి. తేదీలు సోమవారం మధ్యాహ్నం నుంచి గురువారం భోజనం దాకా పెట్టు. మూడు రాత్రులు తప్పనిసరి. మొదటి రాత్రి కొత్త చోట నిద్ర సరిగ్గా పట్టదు, రెండో రోజంతా మగతగా ఉంటుంది, మనిషి తేరుకునేది మూడో రోజే. రెండు రాత్రులకి కుదిస్తే సరిగ్గా తేరుకునే వేళకి సంచి సర్దుకోవాలి. ఈస్టర్ అయిన మర్నాడే మొదలుపెట్టాలన్న ఆలోచన కూడా మానుకో. ఆ వారం ఇంటి దగ్గర పడి నిద్రపోనీ, రెండు వారాలు ఆగి పెట్టు.

మనుషులు 24 మంది చాలు. ముప్ఫై దాటితే సహవాసం పోయి శ్రోతలైపోతారు. గది ఒక్కొక్కరికి ఒకటి. గదులు చాలకపోతే మనుషుల్ని తగ్గించు గాని ఇద్దరిద్దరిని కుక్కకు. గురకపెట్టే ఒక్కడు పక్కవాడి మూడు రాత్రులూ తినేస్తాడు, పొద్దున ఆ పక్కవాడే మొహమాటానికి 'బాగా పట్టిందన్నా నిద్ర' అంటాడు. దరఖాస్తులోనే మందులు, షుగరు, మోకాళ్ళ నొప్పి, రాత్రి శ్వాస మిషను పెట్టుకునే అవసరం అడిగెయ్యి. మోకాళ్ళవాళ్ళకి కింది అంతస్తు.

అసలు చిక్కు చెప్తాను. పిలిస్తే రానివాళ్ళలో చాలామందికి రావాలనే ఉంటుంది. సంఘం ఎవరు చూస్తారన్నదే బెంగ. ఆరు వారాల ముందే ప్రతి సంఘానికీ బదులు చూసే సేవకుడెవరో పేరుతో సహా రాయించుకో. సమాధి కార్యక్రమం వస్తే ఎవరు వెళ్ళాలి, ఆసుపత్రి పిలుపొస్తే ఎవరు, వాళ్ళ నంబరేమిటి. ఆ నంబరు వరసగా రెండు ఆదివారాలు ప్రకటనల్లో చదివించు. 'ఏదైనా అయితే చూద్దాంలే' అని వదిలేస్తే మంగళవారం పొద్దున ఎవరో ఒకరు పోయారని ఫోనొస్తుంది, మనవాడు చెప్పులేసుకుంటాడు. ఏ సందర్భంలో వెనక్కి వెళ్ళొచ్చో, ఏ సందర్భంలో బదులు మనిషే చూడాలో కమిటీతోనూ ముందే ఒప్పించు. ఈ రోజుల్ని సెలవులో కోస్తామని ఎవరైనా అంటే, 1983 నాటి కతోలిక సంఘ చట్టం చూపించు. విచారణ గురువుకి, అంటే వాళ్ళ స్థానిక సంఘ పాస్టర్‌కి, ఏడాదికి నెల దాకా సెలవిచ్చి, ఏడాదికోసారి చేసే రిట్రీట్ రోజులు ఆ సెలవులో లెక్కకి రావని 533వ కానన్‌లో, అంటే ఆ చట్టం నిబంధనలో, రాశారు. మన సంఘం వేరైనా వాదన పనికొస్తుంది. ఇంకోటి, రుసుము సంఘమే కట్టాలి. పాస్టర్ జేబులోంచి కట్టమంటే అందరికంటే అలసిపోయినవాడే ముందు మానుకుంటాడు.

ఫోన్లు లాక్కోకు. ఇంట్లో జబ్బు మనిషి ఉన్నవాడు ఫోను లేకపోతే ధ్యానం చెయ్యడు, గోడ గడియారం చూస్తూ కూర్చుంటాడు. ఇష్టమున్నవాళ్ళు పెట్టడానికి ఒక పెట్టె ఉంచు. ఇంటివాళ్ళకి ఒకే ఒక్క అత్యవసర నంబరు ఇవ్వు, అది నీ మనిషి దగ్గర మోగాలి. ఫోను చూసుకునే వేళ మధ్యాహ్నం భోజనం తర్వాత అరగంట. రాత్రి పెట్టావా, సంఘంలో గొడవ గురించి ఒక్క మెసేజ్ చాలు, ఆ రాత్రి నిద్ర గోవిందా.

సోమవారం రాత్రి పరిచయ కార్యక్రమం పెట్టావు, అది తీసెయ్యి. మనిషికి మూడు నిమిషాలనుకున్నా 24 మందికి 72 నిమిషాలు, మనవాళ్ళు మూడు నిమిషాల్లో ఆపుతారా? పైగా అది పరిచయం కాదు, లెక్కల అప్పజెప్పు. సభ్యులెంతమంది, ఉపసంఘాలెన్ని, కట్టడం ఎంతవరకు వచ్చింది. చిన్న సంఘం పాస్టర్ అక్కడే ముడుచుకుపోతాడు, ఇక మూడు రోజులూ విప్పుకోడు. బ్యాడ్జీ మీద పేరు ఒక్కటే రాయించు. రెవరెండ్, డాక్టర్, బిషప్ ఏవీ వద్దు. 'మీ సంఘానికి ఎంతమంది వస్తారు?' అన్న ప్రశ్న ఈ మూడు రోజులూ నిషేధమని నవ్వుతూనే ప్రకటించు. ఆ రాత్రికి భోజనం, తాళాలెక్కడో చెప్పడానికి ఇరవై నిమిషాలు, చిన్న ప్రార్థన, తొమ్మిదికి పడక. మంగళవారం పొద్దున గంట కొట్టొద్దు. టిఫిన్ ఏడు నుంచి తొమ్మిది దాకా ఎప్పుడైనా తినొచ్చు, అందరూ కలిసేది తొమ్మిదిన్నరకి. ఉపవాసం ఉంటామనేవాళ్ళు ఉండనీ, అందరి మీదా రుద్దకు.

ఆరాధనకి ఒకే నియమం: వచ్చినవాళ్ళెవరూ నడిపించకూడదు. ప్రార్థన, పాట, వాక్యపఠనం అన్నీ బయటి మనిషి చూసుకోవాలి. ఏళ్ళ తరబడి ముందు నిలబడేవాడికి వెనక బెంచీలో కూర్చోవడమే ఒక భాగ్యం. మొహమాటానికి 'అయ్యగారు ఒక్క ప్రార్థన చేస్తారు' అన్నావో, ఆయన మళ్ళీ డ్యూటీ ఎక్కేసినట్టే. పొద్దున 25 నిమిషాలు, సాయంత్రం 25, పడుకునే ముందు పది. మూడు రోజులూ ఒకే క్రమం, ఒకే కాగితం మీద. కీర్తన ఒక్కటి రెండు పక్కలవాళ్ళూ మార్చి మార్చి చదవాలి, వచనం మధ్యలో ఒక్క ఊపిరి ఆగాలి. తర్వాత ఒక్క వాక్యపాఠం, ఆపైన అయిదు నిమిషాల మౌనం. అయిదంటే అయిదే, గడియారం చూసి. నడిపించేవాడికి ఒకటిన్నర నిమిషానికే ఇబ్బందై పాట ఎత్తుకుంటాడు, వాణ్ణి ముందే హెచ్చరించు. 24 మందికి మైకెందుకు, తీయించెయ్యి. ప్రసంగమూ వద్దు.

ఆ వాక్యపాఠాలు ఎంచేటప్పుడు రాబోయే ఆదివారం వాక్యభాగం దగ్గరికి పోకు. మౌనంలో కూర్చోగానే ప్రసంగీకుడి బుర్ర మూడు పాయింట్లు గీసుకోవడం మొదలెడుతుంది. జర్మనీలో 1935లో మొదలైన ఫింకెన్‌వాల్డే సెమినరీలో, అంటే పాస్టర్లని తయారుచేసే బడిలో, జర్మన్ పాస్టర్ బాన్‌హోఫర్ తన విద్యార్థులకి రోజూ అరగంట మౌనధ్యానం పెట్టాడు, వారమంతా ఒకే వాక్యభాగం మీద. ప్రసంగం కోసం కాదు, తమ కోసం చదవాలన్నదే అందులో షరతు. నువ్వూ మూడు రోజులకీ కలిపి ఒక్క భాగమే ఇవ్వు.

ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన, విషయం ముందే తేల్చుకో. రకరకాల సంఘాలవాళ్ళు వస్తున్నప్పుడు ఎవరు ఇవ్వొచ్చు, ఎవరు తీసుకోవచ్చు అన్నది అక్కడ నిలబడి మాట్లాడుకునే సంగతి కాదు. ఒప్పుదల కుదరకపోతే మానేసి, వాక్యమూ ప్రార్థనతో సరిపెట్టు. బల్ల దగ్గర ఒక్కడు చేతులు కట్టుకుని మిగిలిపోతే ఆ మూడు రోజుల సహవాసం అక్కడితో సరి.

నేర్చుకోవడం రోజుకి ఒక్కసారి, అదీ మంగళ, బుధవారాల్లోనే. 75 నిమిషాలు: నలభై పాఠం, పది మౌనం, మిగతాది ప్రశ్నలు. ఎక్కువ తెలుసుకోవడం వల్ల ఆత్మ తృప్తిపడదు, లోపల రుచి చూడటం వల్లే తృప్తిపడుతుందని జెస్విట్ సభ స్థాపకుడు లొయోలా ఇగ్నేషియస్ తన ధ్యానసాధనల పుస్తకం మొదట్లోనే, రెండో సూచనలో రాశాడు. ఆయన సాధనలు మామూలుగా ముప్ఫై రోజులు పడతాయి, అంత వ్యవధిలోనూ బోధించేవాడు విషయం క్లుప్తంగా చెప్పి తప్పుకోవాలన్నాడు. నీకున్నది మూడు రోజులు! బోధకుడు మొదటి రోజు నుంచి చివరిదాకా అక్కడే ఉండి వాళ్ళతోపాటు తినాలి. కారు దిగి చెప్పి కారెక్కి పోయేవాడు వద్దు. సంఘాభివృద్ధి, నిధుల సేకరణ అంశాలుగా పెట్టకు. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ 1744లో మొదటి కాన్ఫరెన్సు పెట్టినప్పుడు ఏం బోధించాలి, ఎలా బోధించాలి, ఏం చెయ్యాలి అన్న మూడు ప్రశ్నలు తీసుకున్నాడు. కాన్ఫరెన్సుకి అవి సరైన ప్రశ్నలే, నువ్వు పెడుతున్నది కాన్ఫరెన్సు కాదు. 'అందరూ ఉన్నారు కదా, పది నిమిషాలు ఆఫీసు విషయాలు' అని ఎవరడిగినా ఇవ్వకు. ఆ పది నిమిషాలు బదిలీల దగ్గర మొదలై భోజనం చల్లారేదాకా సాగుతాయి.

ఇక సహవాసం. ఎక్కువ చెడేది ఇక్కడే కాబట్టి వివరంగా రాస్తున్నా. నలుగురేసి ఆరు గుంపులు చెయ్యి. ఒకే సంఘంలో పెద్ద పాస్టర్, సహాయకుడు ఒక గుంపులో పడకూడదు. అధికారీ, ఆయన కింద పనిచేసేవాడూ అస్సలు పడకూడదు. ఒక్కొక్కరికీ పదిహేను నిమిషాలు, మధ్యలో ఎవరూ నోరెత్తరు. తర్వాత ఒక నిమిషం మౌనం, అయిదు నిమిషాలు ప్రశ్నలు. నలుగురికీ 84 నిమిషాలౌతుంది, గంటన్నర కేటాయించు. ప్రశ్న ఒక్కటే ఇవ్వు: 'ఈమధ్య నిన్ను అలసిపోయేలా చేస్తున్నదేమిటి?' గడియారం ఒకరి చేతిలో ఉండాలి, లేదంటే మొదటివాడే నలభై నిమిషాలు తీసుకుంటాడు, ఆఖరివాడు 'నాదేముందిలే' అంటాడు. నిజంగా మాట్లాడాల్సింది ఆ ఆఖరివాడే.

సలహాలు ఇవ్వకూడదు, వచనం విసరకూడదు. 'పెళ్ళాం నాతో మాట్లాడి నెలైంది' అని ఒకడంటే, వెంటనే 'అన్నా, ఫిలిప్పీ 4:6' అనేవాడు ఉంటాడే, ఆ నోరు ముందే కట్టెయ్యాలి. ముగింపు ప్రార్థనలోనూ విన్న విషయాలు పేర్లతో ఎత్తకూడదు. మన దగ్గర గుట్టు బయటికి పోయేది ఎక్కువగా ప్రార్థన విన్నపం రూపంలోనే: 'పాపం ఆయన కుటుంబం కోసం ప్రార్థించండి' అని ఇద్దరికి, అక్కణ్ణుంచి ఇరవై మందికి. అలాగని గోప్యతకి హద్దు లేదనకు. పిల్లలకి హాని జరుగుతోందన్నా, ఎవరి ప్రాణానికైనా ముప్పుందన్నా అది గుంపులో దాచేది కాదని మొదలుపెట్టకముందే చెప్పాలి, విన్నాక కాదు. అలాంటి మాట వస్తే ఎవరికి చెప్పాలో, ఏ కౌన్సెలర్‌కి ఫోన్ చెయ్యాలో కాగితం మీద సిద్ధంగా ఉంచు.

బిషప్‌గారిని పిలవొద్దనను. మొదటి భోజనానికి వచ్చి, ఆశీర్వదించి వెళ్ళమను. ఆయన ఉంటే ఎవరూ నోరు విప్పరు, అది ఆయన తప్పు కాదు. మఠాల్లో పైఅధికారి తన కిందివాళ్ళ పాపసంకీర్తనం వాళ్ళంతట వాళ్ళు కోరితే తప్ప వినకూడదని కతోలికులు చట్టంలోనే పెట్టుకున్నారు, 630వ కానన్. విడిగా మాట్లాడుకోవాలనుకునేవాళ్ళ కోసం బయటి నుంచి ఇద్దరు అనుభవజ్ఞుల్ని తే. అరగంట చొప్పున 24 మందికి పన్నెండు గంటలు, ఇద్దరికి పంచితే ఆరేసి గంటలు, రెండు రోజుల్లో రోజుకి మూడు గంటలు. అంతకంటే ఎక్కువ వింటే వినేవాడి చెవి పనిచెయ్యదు. పేర్ల పట్టిక గోడకి అంటించకు, ఎవరు ఎవరి దగ్గరికి వెళ్తున్నారో అందరూ చదువుతారు. చీటీలు తీసుకో.

మౌనం రాత్రి ప్రార్థన నుంచి టిఫిన్ అయ్యేదాకా. మఠవాసుల కోసం రాసిన బెనడిక్టు నియమావళి 42వ అధ్యాయంలో ఉన్న రాత్రి మౌనం ఇదే. వంటవాళ్ళకీ చెప్పు, లేదా పొద్దున్నే గిన్నెల చప్పుడుతో పాటు రేడియో మోగుతుంది. బుధవారం టిఫిన్ నుంచి పాఠం దాకా, మళ్ళీ భోజనం నుంచి నాలుగింటి దాకా పొడిగించు. మొదటిసారి వచ్చేవాళ్ళకి అంతకు మించితే భయమేస్తుంది. ఈమధ్యే ఎవరినో పోగొట్టుకున్నవాళ్ళకి, దిగులులో కూరుకుపోయినవాళ్ళకి మౌనం మేలు కంటే కీడే చెయ్యొచ్చు, వాళ్ళతో ఎవరైనా నడకకి వెళ్ళాలి. బుధవారం రాత్రి కబుర్లాడాలనుకునేవాళ్ళకి పడకలకి దూరంగా ఒక గది తెరిచి ఉంచు. ఆ నవ్వులూ కావాలి.

గురువారం తీర్మానాలు చేయించకు. ఇంటికెళ్ళాక మార్చుకునే చిన్న విషయం ఒక్కటి రాసుకుని తన దగ్గరే ఉంచుకోమను. శుక్రవారం సెలవు, ఆదివారం ప్రసంగం బదులు సేవకుడిదే అని కమిటీతో ఒప్పందం రాయించుకో. శనివారం రాత్రి ప్రసంగానికి కూర్చోవాల్సొస్తే బుధవారం నుంచే మనసు అక్కడికి పోతుంది. అభిప్రాయాల ఫారం ఆ రోజు పంచకు, వేడిలో అందరూ 'ఆశీర్వాదకరం' అనే రాస్తారు. ఆరు వారాలాగి పంపు: ఇప్పుడు నిద్ర ఎలా ఉంది, గుంపులో ఎవరితోనైనా మాట్లాడావా, మళ్ళీ పెడితే ఏం తీసెయ్యాలి?

టైమ్‌టేబుల్ తిరగరాసి పంపు. బదులు చూసే సేవకుల పట్టిక మాత్రం అంతకంటే ముందే పంపు, అది కుదరకపోతే తేదీ మార్చుకోవాల్సి వస్తుంది.

నీ
నేస్తం